చేతి మీద గొర్రె గుర్తు

మా ఇంటామె కుడిచేతికి ఆపరేషన్ చేసింది తిరుపతి డాక్టరే కావచ్చు గానీ, ఆ చేతిలోకి ప్రాణం తెచ్చింది నేను. భుజం కింద తెగిన నరాన్ని ఈ చూపుడువేలితో తట్టి తట్టి, మందను తోలినట్టు తోలి, మోచెయ్యి దాటించి, మణికట్టు దాటించి, వేళ్ల కొసల దాకా నడిపించాను. అనుమానముంటే జమ్మలమడుగు గొర్రెల సంతలో అడగండి, ప్రొద్దుటూరు బస్టాండు దగ్గరి టీ అంగట్లో అడగండి. అందరూ ఇదే చెబుతారు. వాళ్లకు చెప్పిందీ నేనే అనుకోండి.

మాది జమ్మలమడుగుకూ రాజుపాలేనికీ మధ్య ఒక పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. నేను బడిలో నాలుగు ముక్కలు నేర్చుకుని గొర్రెల సంఘంలో గుమాస్తా పని చేశాను గనుక నాకు కలం పట్టడం వచ్చు. గొర్రెను పట్టడం మాత్రం ఆమెకే వచ్చు.

ఆమె చెయ్యి చిన్నది. గాజుల అంగడిలో పెద్దవాళ్ల గాజులు చూపిస్తే నవ్వి, పిల్లలవి తీయమనేది. ఆ చిన్నతనమే ఆ చేతికి పేరు తెచ్చింది. గొర్రె ఈనలేక పడి కొట్టుకుంటుంటే, పిల్ల లోపల తల తిప్పుకుని ఇరుక్కుంటే, చుట్టుపక్కల మందల వాళ్లు ఈమె కోసం వచ్చేవాళ్లు. చేతికి ఆముదం రాసుకుని, వేళ్లన్నీ ఒక దగ్గరకు ముడిచి లోపలికి పోనిచ్చేది. ఎక్కడో దూరాన ఎవరో పిలుస్తుంటే చెవి ఒగ్గి వింటున్నట్టు మొహం పెట్టేది. లోపలికి పోయాక ఆ వేళ్లు విచ్చుకోవాలి. విచ్చుకుని, పిల్ల తల వెనక్కి పోయి, దాన్ని దోసిట్లోకి తీసుకున్నట్టు తీసుకుని దారిలోకి తిప్పాలి. మగవాళ్ల చేతులు అందులో పట్టవు. పట్టినా, లోపల తెరుచుకోవడానికి చోటుండదు. గొర్రె బతకడం, పిల్ల బతకడం ఆ వేళ్లు విచ్చుకోవడం మీద ఉండేది.

ఎండాకాలం మా వైపు గడ్డిపోచ మిగలదు. మందను పులివెందుల వైపు తోలుకుపోతాం. అక్కడి చీనీ తోటల, అంటే బత్తాయి తోటల రైతులు ఎరువు కోసం తోటలో మంద నిలపమంటారు. కూడూ నీళ్లూ వాళ్లే చూస్తారు. ఆ ఏడు సింహాద్రిపురం దాటి ఒక తోటలో దిగాం. పట్టపగలు, తోట గట్టున ఉన్న తుమ్మచెట్టుకు ఆమె కొమ్మలు కోస్తోంది. పొడుగాటి గడ చివర కొడవలి కట్టిన దోటి ఆమెది, కట్టుకున్నదీ ఆమే. కొమ్మ తెగకుండా కొడవలిని పట్టుకుంది. ఆమె గట్టిగా గుంజింది. కొడవలి కట్టిన తాడు ఊడింది. కొడవలి గడ వెంబడే జారి వచ్చి, కుడి భుజానికీ మోచేతికీ మధ్య, బయటి పక్క దిగింది.

ఆమెను భుజాన వేసుకుని పులివెందుల దాకా పరిగెత్తానని చాలామందికి చెప్పాను. నిజానికి తోట రైతు మోటారు సైకిలు మీద పోయాం. మధ్యలో కూర్చున్నది ఆమె. వెనక కూర్చుని, ఆ నెత్తురు చూసి కళ్లు తిరిగి, ఆమె నడుము పట్టుకుని పడకుండా ఉన్నది నేను.

పులివెందులలో కుట్లు వేశారు. నెత్తురు ఆగింది. చెయ్యి లేవడం లేదని చూసి, నరాల డాక్టరుకు చూపించమని అక్కడివాళ్లు చెప్పనే చెప్పారు. విన్నాం. మంద తోటలో ఉంది, చూసుకునే వాళ్లు లేరు. తోటకు వచ్చాక చెట్టు కింద కూర్చుని ఆమే అంది.

“కాలు వాల్చిన గొర్రెకు ఏం జేస్తాం మనం?”

“బద్దలు కడతాం.”

“మరి కట్టు. చూస్తాండావేంది?”

మందలో పుట్టి పెరిగిన వాళ్లం. గొర్రె కాలు విరిగి వాల్చిందంటే వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతాం. కొన్నాళ్లకు అది లేచి మందలో కలుస్తుంది. ఎముక అయితే అట్లా కలుస్తుంది. ఇక్కడ తెగింది ఎముక కాదు. బద్దలు చెయ్యిని నిటారుగా పట్టుకుని ఉంచాయి. చూడటానికి చెయ్యి బాగానే ఉంది. నొప్పి ఉందా అంటే లేదనేది. బొటనవేలి వెనక గిల్లినా తెలియడం లేదనేది. నొప్పి లేదనడం మాకు మంచి కబురైంది. కట్టు పనిచేస్తోందనుకున్నాం.

వానలు పడి, మందతో పల్లెకు తిరిగొచ్చాక బద్దలు విప్పాం. చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది, చిలక్కొయ్యకు తగిలించిన తడిగుడ్డ లాగా. ముంజేతి వెనక కండ కరిగి, ఎముక గీత కనపడుతోంది. పిడికిలి ముడవమంటే ముడిచింది. తెరవమంటే ఆ చేతికేసి చూస్తూ కూర్చుంది. చాలాసేపు చూసింది. తర్వాత ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ తెరిచి, వదిలి, అవి మళ్లీ ముడుచుకుంటుంటే చూసింది.

ప్రొద్దుటూరు ఎముకల డాక్టరు మమ్మల్ని తిరుపతికి పంపించాడు. అక్కడ చేతి నరాల డాక్టరు ఆమె ముంజెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఆలస్యం చేశారమ్మా. తెగిన కొసలు రెండూ ఎడమైపోయాయి. లాగి కుట్టడానికి అందవు. మీ కాలి పిక్క వెనక సన్నటి నరం ఒకటుంది. అది తీసి, మధ్యలో ఖాళీ నింపాలి.”

నేను ముందుకు వచ్చాను. “ఆమెది ఎందుకు సార్, నా కాలిది తీసుకోండి. గొర్రెల ఎంబడి తిరిగిన కాలు. నరం గట్టిగా ఉంటాది.”

“మీది వేస్తే ఆమె ఒళ్లు ఒప్పుకోదు పెద్దాయనా.”

ఆమె తలెత్తకుండానే అంది. “ఆయనది దీయాలంటే నాలికలోది దీయండి సార్. శానా పొడుగుంటాది. భుజం కాడ నుంచి ఏళ్ల దాకా సాలుతాది.”

నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత ఊళ్లో చాలామందికి నా కాలి నరమే ఆమె చేతిలో ఉందని చెప్పాను. నమ్మని వాళ్ల ముందు నాలుగడుగులు కుంటి చూపించాను కూడా.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు మంచం పక్కన నిలబడి చెప్పిన మాటలు మాత్రం నేను పెంచలేదు, తగ్గించలేదు. నరం అతికించడం కరెంటు తీగ అతికించడం లాంటిది కాదన్నాడు. అతికించగానే వెలగదు. తాము వేసింది దారి మాత్రమే, పైనుంచి నరం కొత్తగా చిగురు వేసి ఆ దారిలో నడవాలి. చీమ నడక దాని ముందు గుర్రపు పరుగు. అది నడిచి చేరేలోపల కింద కండ చచ్చిపోతే, నరం వచ్చినా పలికే వాళ్లుండరు. ఇంటికి వచ్చి తలుపు తడితే లోపల ఎవరూ లేనట్టు. ఆపరేషన్ బాగా జరిగింది, కానీ మాట ఇవ్వలేను అన్నాడు.

నరం ఎక్కడి దాకా వచ్చిందో తెలుసుకునే ఉపాయం కూడా ఆయనే చూపించాడు. నరం పోయే దారి వెంబడి వేలితో మెల్లగా తట్టుకుంటూ రావాలి. చిగురు కొస ఉన్నచోట తడితే బొటనవేలి వెనక జిల్లుమంటుంది. ఆ చోటు నెలనెలా కిందికి జరుగుతుంటే నరం నడుస్తున్నట్టు. ఆయన నెలకొకసారి ప్రొద్దుటూరు వచ్చి రోగులను చూస్తాడు. అక్కడికి రమ్మన్నాడు.

ఆ ఉపాయం నా చేతికి ఇవ్వకుండా ఉండాల్సింది.

పల్లెకు వచ్చిన దినం నుంచి సాయంత్రం మందను దొడ్డిలోకి తోలగానే ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి తట్టేవాణ్ణి. గుర్తు పెట్టుకోవడానికి మా ఇంట్లో ఉన్నది గొర్రెల రంగే. మా గొర్రెలు పక్క మందలో కలిసిపోకుండా వీపు మీద పూసే ఎర్ర రంగు. పుల్ల అందులో ముంచి, ఆమె చేతి మీద జిల్లుమన్న చోట ఒక గీత గీసేవాణ్ణి.

“ఇంకేం, నన్నూ మందలో కలిపినావు,” అంది మొదటిసారి.

“తప్పిపోతే దొరుకుతావు గదా మే.”

“యాడికి తప్పిపోతా, ఈ చెయ్యేసుకుని.”

గీత ముందు కుట్ల గాటు దగ్గర ఉండేది. తర్వాత దాని కిందికి వచ్చింది. తర్వాత మోచేతి దగ్గరకు. నేను తట్టేవాణ్ణి. “ఈడ?” అనేవాణ్ణి. ఆమె ఊఁ అనేది. గీత గీసి, పాత గీత తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. మరుసటి దినం టీ అంగట్లో కూర్చుని, గీత ఉన్నచోటికి ఇంకో జానెడు కలిపి చెప్పేవాణ్ణి. వినేవాళ్లకు మోచెయ్యి ఏం బాగుంటుంది, మణికట్టు అంటే బాగుంటుంది.

ఆమె మాత్రం పని ఆపలేదు. ఎడమచేత్తో సంగటి కెలికేది. ముద్ద చేయడానికి ఎడమచెయ్యి రాక, గిన్నెలో వేసి కుదిపి గుండ్రం చేసేది. ఎవరైనా ఇంటికి వస్తే కుడిచెయ్యిని ఒళ్లో అరచెయ్యి పైకి వచ్చేట్టు పెట్టుకునేది. అట్లా పెట్టుకుంటే చెయ్యి వాలినట్టు కనపడదు. మామూలు చెయ్యి ఒళ్లో పడుకున్నట్టే ఉంటుంది. ఆ కిటుకు ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ కనపడకుండా ఉండటానికే అట్లా పెట్టుకుంటోందని నేను అనుకోలేదు.

ఒకనాడు ఆమె మంద వెనక వస్తూ అడుగు అడుగుకూ నెత్తుటి మచ్చ వేస్తోంది. పిలిచి కూర్చోబెట్టి పాదం చూశాను. చిటికెన వేలి పక్కన తుమ్మముల్లు మొదలంటా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆమెకు తెలియదు. నరం తీసిన కాలికి ఆ అంచు మొద్దుబారుతుందని డాక్టరు ముందే చెప్పాడు. ముళ్లలో తిరిగే ఆడమనిషికి ఆ మాట ఎంత పెద్దదో ఆనాడు తెలిసింది. ముల్లు లాగుతుంటే ఆమె నా మొహం చూస్తూ కూర్చుంది, ఇంకెవరి కాలో అయినట్టు.

“ఒక చోట సచ్చిందాన్ని లేపడానికి ఇంకో చోట సంపినారు,” అంది. “ఏదీ లేచేట్టు లేదు.”

“లేస్తాది. గీత జూడు, యాడికొచ్చిందో.”

ఆమె గీత వైపు చూడలేదు.

ప్రొద్దుటూరుకు పోయినప్పుడు డాక్టరు తన వేలితో తట్టాడు. ఎర్ర గీత చూసి నవ్వాడు. ఆయన తట్టిన చోటల్లా ఆమె నావైపు చూసి ఊఁ అంది. ఆయన ముంజేతి కండ మీద చెయ్యి వేసి, మణికట్టు ఎత్తమన్నాడు. ఎత్తమని మళ్లీ అన్నాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

“జిల్లు కిందికి వచ్చిందంటున్నారు. అట్లా వచ్చి ఉంటే ఈపాటికి ఇక్కడ కండ కొంచెమైనా అదరాలి. అదరడం లేదు. నాకిది నచ్చడం లేదు.”

తర్వాత ఇంకో దారి చెప్పాడు. అరచేతి వైపు పనిచేసే కండలు ఆమెకు బాగానే ఉన్నాయి. వాటిలో ఒకటి రెండింటి కొసలు తెచ్చి చెయ్యి వెనక వైపు కుడితే, మణికట్టు నిలబడుతుంది, వేళ్లు తెరుచుకుంటాయి. ముందటి చెయ్యి రాదు, పనికొచ్చే చెయ్యి వస్తుంది.

ఆయన అడిగింది ఆమెను. జవాబు చెప్పింది నేను. “ఇంకో కోత ఎందుకు సార్. నరం వస్తాంది గదా. మణికట్టు కాడికి వచ్చేసింది.”

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. “మీరేమంటారమ్మా?”

“ఆయన చెప్తాండాడు గదా,” అంది.

వచ్చేసారి కరెంటు పరీక్ష చేసి నిర్ణయిద్దాం అన్నాడు డాక్టరు. నేను జమ్మలమడుగు సంతకు పోయి, చెయ్యి వచ్చేసిందని డాక్టరే చెప్పాడన్నాను.

ఆ మాట మోసుకుని ఒక మధ్యాహ్నం మా ఇంటికి ఆటో వచ్చింది. రాజుపాలెం వైపు గొర్రెలు కాసుకునే కుర్రాడు, నాకు అల్లుడి వరస. వెనక గోనెపట్ట మీద గొర్రె పడుకుని ఉంది. తొలి ఈత. కళ్లు తేలేస్తోంది.

“పొద్దున్నుంచి కొట్టుకుంటాంది అత్తా. పశువుల డాక్టరు యాడికో క్యాంపుకు పోయినాడంట. చెయ్యి వచ్చేసిందని మామ సంతలో చెప్పినాడు, దేవుడి మాట మాదిరి ఇన్నా.”

ఆమె నావైపు చూసింది. నేను గొర్రె వైపు చూశాను.

“ఆముదం తే,” అంది నాతో.

చాప మీద గొర్రెను పడుకోబెట్టాం. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను దగ్గరకు ముడిచి, మణికట్టును ఎడమచేత్తోనే నిలబెట్టి, లోపలికి పోనిచ్చింది. ఆ పాత మొహం వచ్చింది, దూరాన పిలుపు వింటున్నట్టు. నాకు నిజంగానే ఆశ పుట్టింది. నేను చెప్పిన అబద్ధం ఆ కాసేపు నేనే నమ్మాను.

“తల పక్కకు తిరిగి ఉండాది,” అంది. “ఏళ్లకు తగల్తాంది. ముట్టె... ఇది చెవి. ఎనక్కి పోవాల.”

భుజం ఇంకొంచెం ముందుకు వాల్చింది. నుదుటి మీద చెమట దిగుతోంది. గొర్రె ఒకసారి ముక్కింది. ఆమె పెదవి కొరుక్కుంది.

“ఏమైంది అత్తా?”

“తెరుసుకోవాల నాయనా ఏళ్లు. తెరుసుకోవడంల్యా.”

చెయ్యి బయటికి తీసి ఎడమచెయ్యి పెట్టింది. ఎడమచేతికి కళ్లు లేవు. కాసేపు వెతికి తీసేసింది. మళ్లీ కుడిచెయ్యి పెట్టింది. కుర్రాడు నన్ను చూశాడు.

“వచ్చేసిందంటివి గదా మామా.”

“వస్తాంది,” అన్నాను.

గొర్రె కడుపు ఎగరడం తగ్గింది. తర్వాత ఎగరలేదు. లోపల పిల్ల ఇంకా కాసేపు కదిలిందని ఆమె చెప్పింది, చెయ్యి తీయకుండానే. కదలడం ఆగాక తీసింది. కుర్రాడు గొర్రెను మళ్లీ ఆటోలో వేసుకున్నాడు. పోతూ ఆమెతో, “నీదేం లేదులే అత్తా, బాధపడొద్దు,” అన్నాడు. నాతో ఏమీ అనలేదు. సంతలో కలిసినా ఇప్పటికీ తలకాయ ఊపుతాడే గానీ పలకడు.

ఆమె తొట్టి దగ్గర కూర్చుని చెయ్యి కడుక్కుంది. నెత్తురుతో పాటు ఎర్ర గీత కూడా పోయింది. ఆ సాయంత్రం తట్టడానికి నేను అరుగు మీదికి పోలేదు. ఆమె కూడా వచ్చి కూర్చోలేదు.

కాబట్టి మొదట రాసిన మాట కొంచెం సవరించుకోవాలి. నరాన్ని వేళ్ల కొసల దాకా నడిపించానన్నది సాగదీసిన మాట. మణికట్టు దాకా మాత్రమే వచ్చింది. అక్కడ నిలిచిపోయింది. ఇది మాత్రం నా గొర్రెల మీద ఒట్టు.

ఇక్కడిదాకా రాసి, పొయ్యి దగ్గర సంగటి కుదుపుతున్న ఆమెకు చదివి వినిపించాను. పొగకు కళ్లు చిన్నవి చేసుకుని అంతా విన్నది. నాలికలో నరం మాట వచ్చినప్పుడు కూడా నవ్వలేదు. అయిపోయాక గిన్నె కింద పెట్టింది.

“మణికట్టు కాడికి యాడొచ్చిందయ్యా?”

“గీత ఉండె గదా మే, నువ్వే ఊఁ అంటివి.”

“మోచెయ్యే దాటలా. మోచేతికి పైన ఒకచోట జిల్లుమనేది, మొదటి నుంచి ఆడే ఉండాది, ఈ పొద్దుకూ ఆడే ఉండాది. డాక్టరు వచ్చే వారం పొద్దుటూరుకు వస్తాడు. ఆ ఇంకో ఆపరేషన్ చేపిచ్చుకుంటా. లోపలికి నేనొక్కదాన్నే పోతా, నువ్వు బయట బెంచీ మీద కూచో.”

“మరి ఊఁ అని ఎందుకంటివి?”

“లేదంటే, ఊఁ అనే దాకా మళ్లీ మళ్లీ తడతాంటివి. ఊఁ అంటే ఇడిచిపెడతాంటివి.”